భయానకానికి రంగు ఏది? - ‘డయాబ్లో 3’ ఆన్‌లైన్ గేమ్ దృశ్యరూప పరిణామం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

బ్లిజార్డ్ సంస్థ రూపొందించిన ‘డయాబ్లో 3’ అనే ఆన్‌లైన్ ఫాంటసీ గేమ్ 2008 జూన్ 28న పారిస్‌లో ప్రకటితమై, 2012 మే 15న విడుదలైంది. నిర్మాణదశలో దాని దృశ్యరూపం పలుమార్లు మారింది. తొలి ప్రదర్శన చూసిన అభిమానుల్లో పెద్ద వర్గం రంగులు ఎక్కువయ్యాయనీ చీకటి పోయిందనీ ఆక్షేపించగా, ఆటగాడికి శత్రువు స్పష్టంగా కనబడాలని నిర్మాతలు బదులిచ్చారు. ఈ వివాదాన్ని భరతుని రసవర్ణ భావన, క్షేమేంద్రుని ఔచిత్యవిచారం ఆధారంగాను, రాయలసీమ తోలుబొమ్మలాట, చిత్తూరు సీమ భారతోత్సవాలతో పోల్చి చూస్తూను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉభయపక్షాలూ రంగు గురించి వాదించుకున్నప్పటికీ, ఈ గేమ్ కోల్పోయింది వెలుగుకున్న హద్దును అన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: డయాబ్లో 3, భయానక రసం, వర్ణం, దృశ్యస్పష్టత, ఔచిత్యం, తోలుబొమ్మలాట, దుర్యోధన వధ

1. ప్రవేశిక

తెలుగు సమాజంలో ఆన్‌లైన్ గేమ్‌ల గురించిన చర్చ ప్రధానంగా రెండు మాటల చుట్టూ తిరుగుతోంది: వ్యసనం, జూదం. 2020 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వం పబ్జీ మొబైల్‌ను నిషేధించడం, అదే నెలలో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ ఆటల నిషేధానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించడం ఈ చర్చను మరింత బలపరిచాయి. ఆ ఆందోళన నిరాధారమైనదేమీ కాదు. అయితే దాని వల్ల మరొక ప్రశ్న మరుగున పడింది. నిమ్మనపల్లె లాంటి మండలకేంద్రంలోనైనా, కుప్పం లాంటి విశ్వవిద్యాలయ పట్టణంలోనైనా యువతరం గంటల తరబడి చూస్తున్న దృశ్యం ఏ సూత్రాల మీద రూపొందింది? ఎవరు దాన్ని నిర్ణయించారు? నిర్ణయం మారినప్పుడు ఎందుకు మారింది? ‘మాయాబజార్’ (1957) లోని మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం మీద చూపినంత శ్రద్ధ, అంతకంటే ఎక్కువసేపు కళ్ళముందు ఉండే ఈ బొమ్మల మీద తెలుగు విమర్శ చూపలేదు.

దృశ్యరూప నిర్ణయాలు సాధారణంగా నిర్మాణశాలల లోపలే జరిగి, లోపలే మరుగున పడిపోతాయి. పాఠకుడికి అచ్చుప్రతి అందినట్టే ఆటగాడికి పూర్తయిన గేమ్ మాత్రమే అందుతుంది, చిత్తుప్రతులు కనబడవు. ‘డయాబ్లో 3’ ఇందుకు మినహాయింపు. దాని చిత్తుప్రతి బహిరంగంగా ప్రదర్శితమైంది, బహిరంగంగా నిరాకరణకు గురైంది, నిర్మాతలు బహిరంగంగా సమాధానం చెప్పుకున్నారు. ఒక కళారూపం తన ప్రేక్షకులతో ‘నేను ఎలా కనబడాలి’ అని వాదించిన సందర్భం కావడం వల్ల దీనికి సాహిత్యవిమర్శ దృష్టిలోనూ విలువ ఉంది.

2. వెలుగు వలయం

‘డయాబ్లో’ వరుసలో తొలి గేమ్ 1996 చివరి రోజుల్లోను, రెండవది 2000 జూన్‌లోను వెలువడ్డాయి. రెండింటినీ కాలిఫోర్నియాలోని బ్లిజార్డ్ నార్త్ శాఖ నిర్మించింది. తొలి గేమ్ కథాస్థలం ట్రిస్ట్రమ్ అనే ఊరు. ఆ ఊరి పాడుబడిన చర్చి కింద 16 అంతస్తుల నేలమాళిగ ఉంది. మొదటి నాలుగు అంతస్తులు చర్చి, తరువాతి నాలుగు భూగర్భ శ్మశానం, ఆ తరువాత గుహలు, చివరి నాలుగు నరకం. ఆటగాడు ఒక్కొక్క అంతస్తే దిగుతూ పోవాలి.

దృశ్యాన్ని ఏటవాలుగా, పైనుంచి చూస్తాం. నేలమాళిగలో కథానాయకుడి చుట్టూ ఒక చిన్న వెలుగు వలయం ఉంటుంది; దానికి ఆవల నలుపు. నడిచేకొద్దీ వలయం వెంట వస్తుంది, వెనక వదిలిన చోటు మళ్ళీ మసకబారుతుంది. ఈ వలయపు వైశాల్యాన్ని పెంచే వస్తువులూ, తగ్గించే వస్తువులూ ఆటలోనే దొరుకుతాయి. ఇది చిన్న వివరంగా కనిపించవచ్చు గాని, ఈ వరుస దృశ్యతత్త్వమంతా ఇందులోనే ఉంది. ఇక్కడ వెలుగు వాతావరణ వర్ణన కోసం వాడిన అలంకారం కాదు. కత్తిలాగా, కవచంలాగా అది ఆటగాడు సంపాదించుకోవలసిన సంపద. ఎంత దూరం కనబడుతుందన్నది ఎంతసేపు బతుకుతాడన్న దానితో ముడిపడి ఉంది.

ఆనాటి సాంకేతిక పరిమితులూ ఈ రూపానికి తోడ్పడ్డాయి. ఈ రెండు గేమ్‌లు 256 రంగుల పరిధిలో పనిచేశాయి. ముందే తయారుచేసి పెట్టుకున్న చదునైన బొమ్మలను తెరమీద కదిలించేవారు. రంగులు తక్కువ కావడంతో ఛాయలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి దృశ్యానికి ముతకదనం వచ్చింది. అభిమానుల జ్ఞాపకంలో ‘చీకటి’గా నిలిచిన దానిలో కొంతభాగం ఈ ముతకదనమే.

రెండవ గేమ్ గురించిన జ్ఞాపకం మరీ పాక్షికమైనది. అందులో రెండవ అంకం ఎండ కాసే ఎడారి. మూడవ అంకం పచ్చని అడవి. మొదటి అంకపు పచ్చికబయళ్ళలో పగలూ రాత్రీ మారుతుంటాయి. అంటే 2008 నాటి అభిమానులు ఏ గేమ్ పేరుతో చీకటిని డిమాండ్ చేశారో, ఆ గేమ్ సగానికి సగం ఆరుబయటి వెలుగులోనే జరుగుతుంది. పాఠకలోకం ఒక కావ్యాన్ని అందులోని ఒక ఘట్టంతోనే గుర్తుంచుకోవడం వంటిదే ఇది.

మూడవ గేమ్ పని 2001లో బ్లిజార్డ్ నార్త్‌లోనే మొదలైంది. 2003లో ఆ శాఖ వ్యవస్థాపకులు సంస్థను వీడారు. 2005 ఆగస్టులో శాఖే మూతపడింది. ఆనాటి కొన్ని దృశ్యాలు తరువాతి కాలంలో బయటపడ్డాయి గాని, ఆ రూపం విడుదల దాకా రాలేదు. పని అర్వైన్ నగరంలోని ప్రధాన కార్యాలయానికి మారింది. 2006లో జే విల్సన్ నిర్దేశకుడిగా వచ్చారు. కళాదర్శకత్వం బ్రయన్ మోరిస్రో చేతికి వచ్చింది. చదునైన బొమ్మల స్థానంలో పూర్తి త్రిమితీయ ఆకృతులు వచ్చినా, పైనుంచి చూసే ఏటవాలు కోణాన్ని మాత్రం వదులుకోలేదు. ఈ కొనసాగింపు ప్రాధాన్యం తరువాత తెలుస్తుంది.

3. 2008: ప్రదర్శన, ప్రతిఘటన

పారిస్ ప్రదర్శనలో చూపిన దృశ్యం పాత ట్రిస్ట్రమ్ నేలమాళిగలోనే మొదలైంది. గోడలు, స్తంభాలు, మెట్లు నీలి ఆకుపచ్చ కాంతిలో తెర చివరిదాకా కనబడ్డాయి. గోడల మీది ఛాయలు ఫొటోలో లాగా కాక కుంచెతో పూసినట్టున్నాయి. తరువాత కథానాయకుడు ఆరుబయటికి వచ్చాడు. అక్కడ పచ్చిక, చెట్లు. చివర ఒక మహాకాయ రాక్షసం వీరుని ఎత్తిపట్టి తల కొరికివేయడంతో ప్రదర్శన ముగిసింది. బీభత్సానికి లోటేమీ లేదు. అయినా ఆక్షేపణ వచ్చింది.

ఆక్షేపణ సారాంశం ఇది: రంగులు గాఢంగా ఉన్నాయి, అంచులు గుండ్రంగా ఉన్నాయి, అదే సంస్థ 2004లో విడుదల చేసిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ పోలిక కొట్టొచ్చినట్టు కనబడుతోంది. వేలాదిమంది సంతకాలతో వినతిపత్రం తయారైంది. జలపాతం దగ్గర ఇంద్రధనుస్సు కనబడిన ఒక నిశ్చలచిత్రం పరిహాసానికి గురైంది. కొందరు అభిమానులు మరొక అడుగు ముందుకు వేశారు. సంస్థ విడుదల చేసిన చిత్రాలను ఫోటోషాప్‌లో దిద్ది, రంగు తగ్గించి, నీడలు పెంచి, ‘ఇలా ఉండాలి’ అని చూపారు. విమర్శకుడు మూలపాఠాన్నే తిరగరాసి చూపిన అరుదైన సందర్భం ఇది.

విల్సన్ ఆ దిద్దిన చిత్రాలను పక్కన పెట్టుకునే జవాబిచ్చారు. ఆయన వాదంలో మూడు అంశాలున్నాయి. నేలా గోడా శత్రువూ ఒకే బూడిదరంగులో ఉంటే గుంపులో ఎవరిని కొడుతున్నాడో ఆటగాడికి తెలియదు. గంటల తరబడి ఆడే ఆట ఒకే ఛాయలో సాగితే విసుగు పుడుతుంది. దిద్దిన చిత్రాల్లోని కాంతి ఆయా చిత్రానికి చేత్తో పెట్టినది. ప్రతి క్షణమూ కదిలే గేమ్‌లో ప్రతి ప్రాణి మీదా అలా దీపం పట్టడం సాధ్యం కాదు. మూడింటిలో చివరిది అత్యంత బలమైనది, అత్యంత తక్కువ చర్చకు వచ్చినదీ అదే. దిద్దిన చిత్రంలో కాలం లేదు. దానిలో చూపుకు తొందర లేదు. నీడలో దాగిన శత్రువును వెతుక్కునే తీరిక ఉంది. ఆటలో ఆ తీరిక ఉండదు. నిశ్చలచిత్రంగా అందమైనది ఆటగా పనికిరాకపోవచ్చునన్న సంగతిని అభిమానులు గమనించలేదు.

అదే సంవత్సరం మోరిస్రో సంస్థను వీడారు. దీన్ని వినతిపత్రం సాధించిన ఫలితంగా చెప్పుకోవడం తేలిక. అలా చెప్పడానికి ఆధారం మాత్రం లేదు. ఆ తరువాత కళాదర్శకత్వం చేపట్టిన క్రిస్టియన్ లిక్ట్‌నర్ కాలంలోనూ కుంచెపూత శైలి పోలేదు. పరిసరాల్లో రంగును, వివరాన్ని అణచి, పాత్రలను ఎత్తి చూపే పద్ధతి మరింత పదునెక్కింది.

అభిమానుల పట్టుదలను మొండితనమని కొట్టివేయడం సరికాదు. రంగులద్దిన ‘మాయాబజార్’ 2010 జనవరిలో విడుదలైనప్పుడు తెలుగు ప్రేక్షకుల ముందుకూ ఇటువంటి ప్రశ్నే వచ్చింది. నలుపుతెలుపుల్లో ఛాయాగ్రాహకుడు వెలుగునీడలతో సాధించిన లోతును రంగు పెంచిందా, పూడ్చిందా? ఘటోత్కచుని దేహవర్ణం ప్రతి ప్రేక్షకుడి ఊహలోనూ అప్పటికే ఒకటుంది. తెరమీద మరొకటి కనబడితే తన ఊహను ఎవరో తప్పుదిద్దినట్టు అనిపిస్తుంది. ‘డయాబ్లో’ అభిమానులకు ఎనిమిదేళ్ళ ఎదురుచూపు కూడా తోడైంది.

4. కృష్ణవర్ణం, శూన్యాగారం

భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో రసాలకు రంగులు చెప్పాడు. శృంగారం శ్యామం, హాస్యం తెలుపు, కరుణం కపోతవర్ణం, రౌద్రం ఎరుపు, వీరం గౌరం, భయానకం నలుపు, బీభత్సం నీలం, అద్భుతం పసుపు. ఈ పట్టికను 2008 నాటి వివాదం పక్కన పెట్టి చూస్తే అభిమానుల ఆక్షేపణకు శాస్త్రభాష దొరుకుతుంది. వారు నలుపును కోరారు. అంటే భయానకాన్ని కోరారు. తెరమీద కనబడిన నీలిఛాయ, తల కొరికిన రాక్షసం బీభత్సానికి చెందినవి. ఇంద్రధనుస్సు అద్భుతానికి చెందినది. నెత్తురు ఎంత పారించినా అభిమానులు తృప్తిపడకపోవడానికి కారణం ఇందులో కనబడుతుంది: జుగుప్స భయానికి ప్రత్యామ్నాయం కాదు.

అయితే భరతుని పట్టికను రంగులపెట్టెగా వాడుకుంటే పొరపాటు. రసానికి వర్ణం చెప్పిన భరతుడే, రసం వర్ణం వల్ల పుడుతుందని చెప్పలేదు. రసనిష్పత్తికి విభావానుభావ వ్యభిచారుల సంయోగం కావాలి. భయానకానికి ఆయన చెప్పిన విభావాల్లో వికృతమైన ధ్వనులు, భూతదర్శనం, నక్కల గుడ్లగూబల అరుపులు, పాడుబడిన ఇంటికో అడవికో పోవడం ఉన్నాయి. ‘శూన్యాగారం’ అన్న మాట ఇక్కడ గమనార్హం. ట్రిస్ట్రమ్ చర్చి అక్షరాలా శూన్యాగారం. ఇల్లు శూన్యంగా ఉండడమంటే లోపల ఏముందో తెలియకపోవడం. 1996 గేమ్‌లో ఆ తెలియనితనాన్ని నిలిపింది వెలుగు వలయపు అంచు. ఆ అంచుకు ఆవల నుంచి ముందు శబ్దం వస్తుంది, తరువాత ఆకారం వస్తుంది. విభావం అక్కడ ఉంది. గోడ బూడిదరంగుదా నీలిరంగుదా అన్నది ఆ తరువాతి మాట.

ఈ దృష్టితో చూస్తే ఉభయపక్షాల వాదంలోనూ ఒకే లోపం ఉంది. అభిమానులు చీకటిని రంగుగా భావించారు. అందుకే ఫోటోషాప్‌లో రంగు తగ్గించి చూపారు. నిర్మాతలు కూడా దాన్ని రంగుగానే స్వీకరించి, రంగు లేకపోతే స్పష్టత పోతుందని బదులిచ్చారు. కాని పాత గేమ్‌లో వలయం లోపల స్పష్టతకు లోటు లేదు. వలయం వెలుపల అసలు దృశ్యమే లేదు. స్పష్టతా చీకటీ ఒకదానికొకటి ఎదురు నిలవలేదు, పక్కపక్కనే ఉన్నాయి. 2008 దృశ్యంలో తెర నాలుగు మూలలూ కనబడ్డాయి. విడుదలైన ‘డయాబ్లో 3’లోనూ వెలుగు వైశాల్యం ఆటగాడు సంపాదించుకోవలసిన గుణంగా మిగలలేదు. పోయిన వస్తువు ఏదో గుర్తించని కారణంగా, దాన్ని తిరిగి ఇవ్వమని అడగడమూ ఇవ్వలేమని చెప్పడమూ రెండూ గురితప్పాయి.

స్పష్టత గురించిన విల్సన్ వాదంలో మరొక లోతు కూడా ఉంది. నాట్యప్రేక్షకుడు రంగస్థలానికి వెలుపల కూర్చుంటాడు. రాక్షసుడు వచ్చినా అతనికి ముప్పు లేదు. సాధారణీకరణం వల్ల లౌకికభయం రసంగా మారుతుంది. గేమ్‌లో ప్రేక్షకుడే నటుడు. ‘డయాబ్లో 2’లో ‘హార్డ్‌కోర్’ అనే పద్ధతి ఉంది. అందులో పాత్ర ఒక్కసారి చనిపోతే తిరిగి రాదు. నెలల తరబడి పెంచుకున్న పాత్ర ఒక్క పొరపాటుతో పోతుంది. ఆ ఆటగాడు అనుభవించేది రసమా, లౌకికభయమా అన్నది విడిగా చర్చించదగిన సమస్య. ఇక్కడ అవసరమైనంత వరకు చెప్పాలంటే, చేయి కదపవలసిన ప్రేక్షకుడికి దృశ్యం అందంగా ఉంటే చాలదు. అది సమాచారం కూడా కావాలి. క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో పదం, వాక్యం, రసం, దేశం, కాలం మొదలైన స్థానాల్లో ఔచిత్యాన్ని పరిశీలించాడు. గేమ్ విషయంలో ఆ పట్టికకు ‘చర్య’ అనే స్థానాన్ని చేర్చుకోవలసి ఉంటుంది. దిద్దిన చిత్రాలు రసౌచిత్యాన్ని పాటించి చర్యౌచిత్యాన్ని విస్మరించాయి. 2008 నాటి ప్రదర్శన దీనికి సరిగ్గా తలకిందులు.

5. తెర వెనక దీపం, మిట్ట మీద దుర్యోధనుడు

రసం, చర్య, స్పష్టత మూడింటినీ ఒకచోట నిలిపిన దృశ్యకళ తెలుగునేల మీద ముందునుంచీ ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో నేటికీ తోలుబొమ్మలు తయారవుతున్నాయి. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. తోలును పారదర్శకమయ్యేదాకా శుభ్రపరచి, ఆకారం కోసి, రంగులు వేసి, ఆభరణాల చోట్లలో సన్నని రంధ్రాలు పొడుస్తారు. తెల్లటి తెర వెనక ఒకప్పుడు ఆముదపు దీపాలు ఉండేవి. దీపకాంతి రంగుతోలు గుండా వచ్చి తెరమీద బొమ్మగా పడుతుంది. ఆంధ్రదేశపు తోలుబొమ్మల్లో కొన్ని మనిషంత ఎత్తు ఉంటాయి.

ప్రేక్షకుడు తెరకు చాలా దూరంలో, రాత్రిపూట, పిల్లాపెద్దలతో కూర్చుంటాడు. అతనికి ముందుగా తెలియవలసింది ఎవరు వచ్చారన్నది. అందుకే బొమ్మలు ఎక్కువగా పక్కచూపులో ఉంటాయి. ముక్కు, గడ్డం, కిరీటం, చేతి వంపు మొత్తం రూపురేఖలోనే తేలుతాయి. పది తలల రావణుడిని, తోక ఉన్న హనుమంతుడిని గుర్తించడానికి రంగుతో పనే లేదు. రూపురేఖ ముందు, రంగు తరువాత, ఆభరణం ఆ తరువాత. ఆన్‌లైన్ గేమ్ ‘టీమ్ ఫోర్ట్రెస్ 2’ ఇదే క్రమానికి వేరే దారిలో చేరింది. 1999లో వాస్తవిక సైనికరూపాలతో ప్రదర్శితమైన ఆ గేమ్, 2007లో అతిశయించిన ఆకారాలతో, అంచుల మీద కాంతిరేఖతో విడుదలైంది. పాత్ర నీడను బట్టే ఎవరో తెలియాలన్నది దాని నిర్మాతలు అదే సంవత్సరం ప్రచురించిన పరిశోధనపత్రంలోని ప్రధానసూత్రాలలో ఒకటి. 20వ శతాబ్ది తొలినాళ్ళ అమెరికన్ వాణిజ్యచిత్రకారుడు లైయెన్‌డెకర్ శైలి నుంచి వారు దాన్ని గ్రహించారు. నిమ్మలకుంట గురించి వారికి తెలిసి ఉండనవసరం లేదు. దూరం నుంచి చూసే కన్ను ఎక్కడైనా ఒకేలా పనిచేస్తుంది.

తోలుబొమ్మలాటకు ‘డయాబ్లో’ వివాదంతో ఉన్న సంబంధం రూపురేఖతో ఆగిపోదు. తెర చుట్టూ ఊరంతా చీకటి. వెలిగేది ఆ గుడ్డముక్క ఒక్కటే. బొమ్మ ఎరుపుపచ్చలతో గాఢంగా వెలుగుతుంది. అంటే రంగుకు ఏ పరిమితీ లేదు, వెలుగుకు మాత్రం హద్దు ఉంది. బొమ్మను తెరకు ఆనిస్తే రేఖ పదునుగా ఉంటుంది. వెనక్కి లాగితే పెద్దదై మసకబారుతుంది. రాక్షసుడి రాకకు అంతకంటే యంత్రాంగం అక్కర్లేదు. ఆముదపు దీపాల స్థానంలో విద్యుద్దీపం వచ్చాక వెలుగు స్థిరపడింది. మంట కదలిక వల్ల బొమ్మకు వచ్చే ఊపిరి తగ్గింది. రంగులు అవే, తోలు అదే. దృశ్యరూపం మారడానికి దీపం మారితే చాలు. 256 రంగుల నుంచి త్రిమితీయ కాంతికి మారిన గేమ్ విషయంలోనూ ఇదే జరిగింది.

భయానికి నలుపు తప్పనిసరి అన్న నమ్మకాన్ని చిత్తూరు సీమలోని భారతోత్సవాలు మరోవైపు నుంచి ప్రశ్నిస్తాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు చేరి ఉన్న పూర్వపు చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుడుల దగ్గర 18 రోజుల భారతం జరిగే ఆచారం ఉంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చివరిరోజున దుర్యోధన వధ. మిట్ట మీద మట్టితో దుర్యోధనుడి భారీ ఆకారాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, కిరీటం, మీసం, కళ్ళు గాఢమైన రంగులతో తీర్చుతారు. పట్టపగటి వెలుగులో, చుట్టూ వేలమంది ఉండగా భీమ దుర్యోధన వేషధారులు ఆ దేహం చుట్టూ తిరుగుతూ గదలతో తలపడతారు. చివరికి భీముడు తొడ మీద కొడతాడు. అక్కడ చీకటి లేదు, దాగినదేమీ లేదు. చిన్నపిల్లలు భయపడరని మాత్రం ఎవరూ అనలేరు. ఆ భయం పరిమాణం నుంచి వస్తుంది. నిలబడిన మనిషి ఆ ముఖాన్ని ఒక్కచూపులో పట్టలేడు.

ఈ రెండు ఉదాహరణలూ ఒకే మార్గాన్ని సూచించవు. ఒకటి చూపుకు హద్దు గీస్తుంది, మరొకటి చూపుకు పట్టనంత చూపుతుంది. ‘డయాబ్లో 3’ కెమెరా కోణం రెండవదానికి అనువైనది కాదు. పైనుంచి చూస్తున్నప్పుడు ఎంతటి రాక్షసుడైనా అరచేతిలో ఇమిడే బొమ్మే. పాత కోణాన్ని నిలుపుకుంటూ వెలుగు వలయాన్ని వదులుకోవడం వల్ల ఈ గేమ్ భయానకానికున్న రెండు దారుల్లో ఒకదాన్ని ఎంచుకోలేక, ఉన్నదాన్ని పోగొట్టుకుంది. మోరిస్రో శైలికి వ్యతిరేకంగా చెప్పదగిన బలమైన అభ్యంతరం ఇదేగాని, ఇంద్రధనుస్సు కాదు.

6. విడుదల, తరువాతి రూపాలు

2012 మే నెలలో విడుదలైన గేమ్ మొదటి 24 గంటల్లోనే 35 లక్షల ప్రతులు అమ్ముడైంది. కంప్యూటర్‌పై ఒంటరిగా ఆడుకోవాలన్నా నెట్ అనుసంధానం తప్పనిసరి కావడంతో, తొలిరోజుల్లో సర్వర్లు భారం మోయలేక ఆటగాళ్ళు లోపలికే వెళ్ళలేకపోయారు. నాలుగేళ్ళు నడిచిన రంగుల వాదం ఒక్కరోజులో పక్కకు పోయింది. అయితే నిర్మాతలు దాన్ని మరచిపోలేదు. గేమ్‌లో ఒక రహస్యలోకాన్ని దాచారు. గులాబీ మేఘాలు, ఇంద్రధనుస్సులు, నవ్వే పువ్వులు, ఆటగాడి మీదికి దూకే ఎలుగుబంటి బొమ్మలు, ఒంటికొమ్ము గుర్రాలు. ఆక్షేపణకు హాస్యంతో సమాధానం చెప్పడం తోలుబొమ్మలాటలో కేతిగాడు ప్రేక్షకుల మీద విసిరే ఎత్తిపొడుపు వంటిది. పరిహాసం బాగానే ఉంది. అది ప్రశ్నకు జవాబు మాత్రం కాదు.

2014 మార్చి 25న వచ్చిన ‘రీపర్ ఆఫ్ సోల్స్’ అనుబంధంలో వెస్ట్‌మార్చ్ నగరపు వీధులు నిజంగానే నల్లబడ్డాయి. రాత్రి, తడిసిన రాళ్ళు, పాలిపోయిన నీలికాంతి. అదే కుంచెపూత, అదే కెమెరా. మోరిస్రో శైలిలో చీకటి అసాధ్యమన్న వాదం అక్కడితో వీగిపోయింది. 2019 నవంబరులో ప్రకటితమై 2023 జూన్‌లో విడుదలైన ‘డయాబ్లో 4’ దృశ్యరూపానికి నిర్మాతలే రెండు ఆధారాలు పేర్కొన్నారు: ఐరోపా ప్రాచీన చిత్రకారుల వర్ణచిత్రాలు, చీకటికి తిరిగి రావడం. 2008 నాటి వినతిపత్రంలోని కోరిక 11 ఏళ్ళకు సంస్థ స్వంత నినాదమైంది. ఒక రచయితపై వచ్చిన విమర్శను ఆ రచయితే తరువాతి కూర్పుకు పీఠికగా పెట్టుకోవడం వంటి ఈ పరిణామం, ప్రేక్షకాభిప్రాయానికి ఈ మాధ్యమంలో ఉన్న బలాన్నీ, దాని ప్రమాదాన్నీ కలిపి చూపుతుంది. జ్ఞాపకం అడిగినదాన్ని అందించే కళ, జ్ఞాపకం అడగడం మరచినదాన్ని ఎప్పటికీ అందించకపోవచ్చు.

పరిశోధకుడికి అన్నిటికంటే ఉపయోగపడే ప్రతి 2021 సెప్టెంబరు 23న వెలువడింది. అది ‘డయాబ్లో 2’ పునర్నిర్మాణం. ఇందులో ఆటనియమాలు మార్చకుండా దృశ్యరూపాన్ని మాత్రమే త్రిమితీయంగా మలిచారు. కంప్యూటర్‌పై ఒక్క మీట నొక్కితే 2000 నాటి చదునుబొమ్మలు, మళ్ళీ నొక్కితే కొత్త రూపం తెరమీదికి వస్తాయి. ఆట ఆగదు, శత్రువు ఆగడు. పాఠాంతరాలను ఎదురెదురుగా పెట్టిన పరిష్కృతప్రతి గ్రంథాల్లో ఉన్నట్టే, ఒక గేమ్ తన రెండు పాఠాలనూ ఒకే తెరమీద అందించింది. నేలమాళిగలో నిలబడి ఆ మీటను పదేపదే నొక్కి చూస్తే, రాతిగోడకు తడి వస్తుంది, కవచానికి మెరుపు వస్తుంది, ఎముకలగూడుకు నీడ వస్తుంది. వెలుగు వలయపు అంచు మాత్రం రెండు రూపాల్లోనూ ఉన్నచోటనే ఉంటుంది. వెలుగును పెంచే వస్తువు ఒంటి మీద ఉంటే, రెండింటిలోనూ అది మరికాస్త దూరం జరుగుతుంది.